పన్నెండు వేల అడుగుల దగ్గర మా బావ

నాకు కూర్చోవడం చేతకాదు. ఆఫీస్‌లో మీటింగ్ అరగంట దాటితే టేబుల్ కింద కాలు దానంతటదే ఊగుతుంది. పెళ్లిళ్లకి వెళ్తే భోజనాలు మొదలయ్యేలోపు పార్కింగ్ చుట్టూ నాలుగు చుట్లు తిరిగి వస్తాను. విడాకులైన ఏడాది నుంచి ఇది మరీ ముదిరింది. చికాగో దగ్గర అరోరాలో నేనుండే అపార్ట్‌మెంట్‌లో సోఫా, కొన్న కొత్తలో ఎలా ఉందో ఇప్పటికీ అలాగే ఉంది. అందుకే ప్రతి ఆగస్టులో కొలరాడో వెళ్లి, అక్కడి ఎత్తయిన కొండల పార్క్‌లో, వీపున బ్యాగ్ వేసుకుని నాలుగు రోజులు ఒంటరిగా నడిచి వస్తుంటాను. నడుస్తున్నంతసేపూ నా బుర్ర నన్ను వదిలేస్తుంది.

పక్క ఊరు నేపర్‌విల్‌లో ఉండే మా అక్కకి ఈ ఒంటరి నడక గిట్టదు. అక్కడ సిగ్నల్ ఉండదు, ఎలుగుబంట్లు ఉంటాయి, నాకేమో యాభై దగ్గరపడుతోంది. కనీసం ఆపదలో సాటిలైట్ ద్వారా మెసేజ్ పంపే డివైస్ అయినా కొనుక్కోమని మూడేళ్లుగా పోరుతోంది. నేను కొనలేదు. ఈసారి టికెట్ బుక్ చేసుకోబోతుంటే బావ కూడా వస్తున్నారని చెప్పింది. అడగలేదు, చెప్పింది. బావ పక్కనే కూర్చుని తల ఊపారు. ఆయన రోజూ ట్రైన్‌లో చికాగోకి ఉద్యోగానికి వెళ్లొచ్చే మనిషి. స్టేషన్ నుంచి ఆఫీస్‌కి నడిచే పది నిమిషాలే ఆయన వ్యాయామం. నాకు కాపలాగా పంపుతున్నారని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. వద్దని ఇద్దరిలో ఎవరమూ అనలేదు. ఇరవై రెండేళ్లుగా మా ఇద్దరి మధ్యా ఉన్నది మొహమాటమే. మా ఇంటికొస్తే ఆయన కంచం ఆయన తీయగా నేను చూడలేదు. కూర బాగాలేదని ఆయన అనగా వినలేదు.

నిజం చెప్పొద్దూ, నాకు ఒళ్లు మండింది. ఏడాదికి నాలుగే రోజులు నావి, వాటిలోనూ ఒక మనిషిని తోడు పెట్టారని.

అంత ఎత్తుకి వెళ్లేముందు కింద ఒక రోజు ఊరికే గడపాలి. ఒళ్లు పల్చటి గాలికి అలవాటు పడాలి. డెన్వర్ హోటల్ గదిలో గంట గడిచేసరికి నేను కర్టెన్లు పదిసార్లు తీసి మూశాను. ఆ ఒక్క రోజూ ఆగకుండా రేపు పొద్దున్నే మొదలుపెడదాం బావా అన్నాను. నీ ఇష్టం అన్నారు.

మొదటిరోజు దారంతా దేవదారు చెట్ల మధ్య ఎక్కుడే. నేను ముందు నడిచి, మలుపు దగ్గర ఆగేవాణ్ని. ఆయన వగరుస్తూ వచ్చి చేరగానే, హమ్మయ్య వచ్చారు అని మళ్లీ బయల్దేరేవాణ్ని. మలుపు మలుపుకీ విశ్రాంతి నాకే దొరికిందని, ఆయనకి ఒక్కసారీ దొరకలేదని అప్పుడు తట్టలేదు.

సాయంత్రం పదివేల అడుగుల ఎత్తులో ఒక చెరువు పక్కన టెంట్ వేశాం. మామూలుగా నేను అక్కడ వేడినీళ్లు పోసుకుని తినే ప్యాకెట్ భోజనమే తింటాను. కానీ ఇంటి అల్లుడికి మొదటిపూటే ప్యాకెట్ తిండి పెట్టడానికి నాకు చేయి రాలేదు. అందుకని కిలో బియ్యం, అరకిలో కందిపప్పు, చిన్న సీసాలో నెయ్యి, ఇంకో సీసాలో ఆవకాయ మోసుకొచ్చాను. ఎలుగుబంట్లకి అందకుండా తిండి దాచే గట్టి ప్లాస్టిక్ డబ్బా నిండా ఆవకాయ వాసనే. చిన్న గ్యాస్ స్టవ్ మీద అన్నం ఎలాగోలా అయిందనిపించి పప్పు పెట్టాను. మరుగుతోంది, మరుగుతోంది, ఉడకదు. అంత ఎత్తులో నీళ్లు తొందరగా మరుగుతాయి కానీ ఆ వేడి పప్పుకి చాలదు, కుక్కర్ ఉండాల్సిందే. ఇది స్కూల్లో చదువుకున్న సంగతే. ఇన్నేళ్లూ ప్యాకెట్లు తిన్నవాణ్ని కాబట్టి గుర్తు తెచ్చుకునే అవసరం రాలేదు. పోనీ, ఇక చాలు అని బావ రెండుసార్లు అన్నారు. ఇంకో పది నిమిషాలు అని నేను పది సార్లు అన్నాను. మా దగ్గరున్న రెండు గ్యాస్ క్యాన్‌లలో ఒకటి అయిపోయి, రెండోది సగానికి వచ్చింది. పంటికింద కటకటలాడే ఆ పప్పుని బావ నెయ్యి వేసుకుని తిన్నారు. బాగుందని చెప్పి మారు వడ్డించుకున్నారు కూడా.

బావ చన్నీళ్లు తాగరు. గొంతు పట్టేస్తుందని ఆఫీస్‌కి కూడా ఫ్లాస్క్‌లో వేడినీళ్లు పట్టుకెళ్తారు. రెండోరోజు పొద్దున క్యాన్ ఊపి చూసి, మిగిలిన గ్యాస్ రాత్రి భోజనాలకి ఉంచుకోవాలన్నాను. అలాగే, నో ప్రాబ్లమ్ అన్నారు. వాగునీళ్లు ఫిల్టర్ చేసి బాటిల్‌లో నింపి ఇచ్చాను. పళ్లు జివ్వుమనే నీళ్లు. ఆయన పెదాలు తడుపుకుని మూత పెట్టేసేవారు. మధ్యాహ్నానికీ ఆ బాటిల్ నిండుగానే ఉంది. మళ్లీ నింపే పని తప్పిందనుకున్నాను. కణతలు నొక్కుకుంటుంటే బాగానే ఉన్నారా అని అడిగాను. ఓకే, ఓకే అన్నారు. కంచంలో మెతుకు వదలని మనిషి, ఆ సాయంత్రం ప్యాకెట్ భోజనం సగంలో వదిలేశారు. చూశాను. చూసి, మర్నాటి దారి మ్యాప్ విప్పుకున్నాను.

మూడోరోజు పన్నెండు వేల అడుగుల ఎత్తున్న కనుమ దాటాలి. మధ్యాహ్నం అయ్యేసరికి అక్కడ మబ్బులు కమ్మి పిడుగులు పడతాయి. పదకొండుకల్లా అవతలికి దిగిపోవాలి. చెట్లు ఎప్పుడో ఆగిపోయాయి. రాళ్లు, పొట్టి గడ్డి, గాలి, అంతే. బావ పది అడుగులకోసారి ఆగుతున్నారు. పడమటి వైపు మబ్బు చూస్తుంటే నా కాళ్లలో చీమలు పాకుతున్నాయి. ఆయన ఒక బండకి ఆనుకుని, నా మొహం చూసి అన్నారు.

"నువ్వు వెళ్లు. నేను స్లోగా వచ్చేస్తా. దారి కనిపిస్తూనే ఉంది కదా."

కొండల్లో మనుషులు విడిపోకూడదు. మొదటిరోజు ఆయనకి ఆ రూల్ చెప్పినవాణ్ని నేనే. కానీ ఆ క్షణంలో నాకు అనుమతి ఒక్కటే వినిపించింది. పైన వెయిట్ చేస్తానని చెప్పి బయల్దేరాను. రాయడానికి సిగ్గుగా ఉంది కానీ, చాలా సంతోషంగా ఎక్కాను. మూడు రోజుల్లో మొదటిసారి నా నడక నేను నడిచాను. మెలికలు తిరిగే దారిన అరగంటలో కనుమ మీద ఉన్నాను.

అటువైపు లోయలో ఆగస్టులోనూ కరగని మంచు, రెండు నీలం చెరువులు. ఒక నిమిషం చూసి కిందికి తిరిగాను. బావ నాకు సరిగ్గా కిందే, వదిలినచోటే, ఆ బండ పక్కనే కూర్చుని ఉన్నారు. చేయి ఊపాను. చూడలేదు. ఒక షూ విప్పారు. రాయి దూరిందేమో అనుకున్నాను. రెండోదీ విప్పారు. సాక్స్ తీసి, మడిచి, షూల లోపల పెట్టారు. షూలు రెండూ పక్కపక్కనే సరిగ్గా సర్దారు. తర్వాత లేచి, ఆ రాళ్ల మీద వట్టికాళ్లతో, బండ వైపు తిరిగి నిలబడ్డారు. ఎవరింటి గుమ్మం ముందో నిలబడి తలుపు తీసేదాకా ఆగినట్టు నిలబడ్డారు.

ఎలా దిగానో నాకు తెలియదు. రెండుసార్లు పడ్డాను, అరచేయి చీరుకుపోయింది. నేను దగ్గరికి వెళ్లేసరికి ఆయన నావైపు చూసి నవ్వారు.

"లేట్ అయిందా? ట్రైన్ మిస్ అయింది."

ఎత్తు తలకెక్కితే మనిషికి మతి తప్పుతుందని, కిందికి దింపడం ఒక్కటే మందని, దింపకపోతే ప్రాణం పోతుందని చదివి ఉన్నాను. చదివింది కళ్లముందు నిలబడింది. ఆయన్ని కూర్చోబెట్టి, నేను నేలమీద కూర్చుని సాక్స్ తొడిగాను. ఎక్కడున్నారో తెలియని ఆ స్థితిలో కూడా ఆయన కాళ్లు వెనక్కి లాక్కుంటూ, నువ్వెందుకు, నువ్వెందుకు అంటూనే ఉన్నారు. నేను ఏడుస్తూ లేసులు కట్టాను.

ఆయన బ్యాగ్ అక్కడే వదిలేశాం. ఆయన చేయి నా మెడమీద వేసుకుని దింపాను. వెనక ఉరిమింది, కాసేపు వడగళ్లు పడ్డాయి. ఒక్క మనిషీ ఎదురు రాలేదు. అక్క కొనమన్న డివైస్ ఉంటే ఒక బటన్ నొక్కి ఉండేవాణ్ని. దారిలో చన్నీళ్లే గుక్క గుక్కగా తాగించాను, ఆయన వద్దన్నా ఊరుకోలేదు. చెట్లు మొదలయ్యేచోటికి రావడానికి నాలుగు గంటలు పైనే పట్టింది. అక్కడినుంచి ఇంకా దిగి, చీకటి పడకముందే ఒక వాగు దగ్గర ఆగాం. మిగిలిన గ్యాస్ అంతా పెట్టి నీళ్లు కాచాను. రెండు కప్పులు తాగాక ఆయన చుట్టూ చూసి, ఇది నిన్నటి వాగు కాదు కదా అన్నారు. ఆ మాటకి నా ప్రాణం లేచొచ్చింది.

ఎప్పటినుంచి ఒంట్లో బాగాలేదని అడిగాను. మొదటి రాత్రి నుంచే తలనొప్పి అన్నారు. ఎందుకు చెప్పలేదని గట్టిగానే అడిగాను. తప్పు నాదైనప్పుడు నా గొంతు పెరుగుతుంది.

"చెప్తే నువ్వు ఆగాలి కదా. ఆగడం నీకెంత కష్టమో నాకు తెలుసు."

ఆయన్ని ఒక బరువు అనుకుంటూ మూడు రోజులు నడిచాను. ఆ మూడు రోజులూ నన్ను మోసింది ఆయన.

మర్నాడు దగ్గరి దారిన రోడ్డుకి చేరి, కారులో వెళ్తున్న ఒకతన్ని బతిమాలి మా కార్ దగ్గరికి వచ్చాం. కింద ఊళ్లో డాక్టర్‌కి చూపించాను. ఇప్పుడు పరవాలేదు, ఇంకో గంట ఆలస్యమై ఉంటే ఏమయ్యేదో చెప్పలేం అన్నారామె. కార్‌లోకి వచ్చాక అక్కకి ఫోన్ చేశాను, స్పీకర్‌లో పెట్టాను. నేను నోరు తెరిచేలోపే బావ అందుకున్నారు. కొంచెం తలనొప్పి వస్తే ముందే దిగిపోయామని, నేను పక్కనే ఉండి బాగా చూసుకున్నానని చెప్పారు. అక్క నన్ను మెచ్చుకోబోయింది. వినలేకపోయాను.

"లేదక్కా. బావకి బాగాలేదని తెలిసే, పైన ఆయన్ని ఒక్కరినే వదిలేసి వెళ్లిపోయాను."

అక్క, ఫ్లైట్ ఎన్నింటికో మెసేజ్ చేయమని చెప్పి పెట్టేసింది.

ఎందుకు చెప్పావని బావ అడుగుతారనుకున్నాను. అడగలేదు. అద్దంలోంచి రోడ్డు చూస్తూ, ఇరవై రెండేళ్లలో మొదటిసారి, మొహమాటం లేని మాట ఒకటి అన్నారు.

"నువ్వు ఎక్కుతుంటే, ఒక్కసారైనా వెనక్కి తిరుగుతావేమోనని చూశాను. తిరగలేదు."

"తిరగలేదు బావా," అన్నాను.