బురద మీద ఆకుపచ్చ

కిందటి నెల కొత్తవలసలో మా బావ పెద్దకర్మ జరిగింది. గూడ్సు షెడ్డు వెనక వీధిలో షామియానా వేశారు. వడ్డనకు మనుషులు చాలక నేనూ ఒక సాంబారు బకెట్టు పట్టుకున్నాను. నౌపడ దగ్గర బావ సొంత ఊరి నుంచి ఒకే ఒక్క పెద్దాయన వచ్చాడు. వచ్చి, బంతిలో కూర్చుని, అన్నం మధ్య గుంట చేసుకుంటూ పక్కాయనతో అన్నాడు: "మనిషి మంచోడే. గానీ ఊరి నేలమ్మీసినాడు." గొంతులో కోపమేమీ లేదు. ఫలానావాడికి మెల్లకన్ను అని గుర్తు చెప్పినట్టు చెప్పాడంతే. గుమ్మంలో నిలబడ్డ మా అప్ప, బావ చేసుకున్న మా అక్క, ఆ మాట విన్నది. బావ నేల అమ్మలేదని చెప్పగలిగినవాణ్ణి ఆ పందిట్లో నేనొక్కణ్ణే. నేను వంగి "ఇంకొంచెం వెయ్యమంటారా" అని అడిగాను. వెయ్యమన్నాడు. వేశాను.

ఆ నేల సంగతి అరవైల చివరి సంవత్సరాల మాట. నేను యూనివర్సిటీలో భూగోళశాస్త్రం ఎమ్మే చదువుతున్నాను. విజయనగరం పక్కన మా ఊళ్ళో ఆ చదువేమిటో ఎవరికీ అంతుపట్టలేదు. లా చదివితే ప్లీడరవుతాడు, లెక్కలు చదివితే లెక్చరరవుతాడు, భూగోళం చదివినవాడు ఏమవుతాడు? మా నాన్న అడిగినవాళ్ళందరికీ "సర్కారు సర్వేలో పెద్దది" అని చెప్పి తప్పించుకునేవాడు. మా అప్పయితే తన అత్తవారి ఊళ్ళో "బూమి గుండ్రంగా ఉన్నాదో నేదో సూసే సదువు" అని చెప్పిందట. దానికి అక్కడి ఆడవాళ్ళు, ఇన్నాళ్ళయినా ఇంకా తేల్లేదా అని అడిగారట. మా డిపార్ట్‌మెంటులో పటాల గది ఒకటుండేది. పొడవాటి బల్లలు, ట్రేసింగు గుడ్డలు, కర్పూరం వాసన వేసే ఇండియన్ ఇంకు. ఒక్క చుక్క జారితే నెల పని గంగలో కలిసేది కాబట్టి తుమ్ము వస్తే బయటికి పరుగెత్తేవాళ్ళం. రంగులు వెయ్యడం ఇంకా కష్టమైన విద్య. కుంచెలో నీళ్ళెక్కువైతే చోడిచేను పాకుతూ వెళ్ళి పక్కనున్న ఏట్లో దిగేది. మా ప్రొఫెసరు గొంతు పెంచని మనిషి. ఆయన మాకు నూరిపోసిన సూత్రం ఒకటే. "నేల ఎవరిదన్నది రెవెన్యూ వాళ్ళ గొడవ. నేల మీద ఏముందన్నది మన పని. ఉన్నది ఉన్నట్టు వెయ్యండి."

చివరి ఏడాది ఒక్కొక్కరూ ఒక ఊరిని ఎంచుకుని, పాత పటం చేత్తో పట్టుకుని ప్రతి మడీ తిరిగి, ఎక్కడ ఏం పండుతోందో రంగుల్లో చూపించాలి. ఆ పని చూసి పరిశోధనకు ఒకణ్ణి తీసుకుంటారు. స్కాలర్‌షిప్పు ఒకటే, ఆశపడ్డవాళ్ళం ఇద్దరం. రెండోవాడి అక్షరాలు అచ్చు వేసినట్టుండేవి. నావి సంతకు పోయే బళ్ళలా ఒకదాని వెనక ఒకటి ఊగుతూ పోయేవి. అతన్ని దాటాలంటే నా పటంలో ఎవరికీ తెలియని సంగతి ఒకటి ఉండాలి. లేకపోతే ఏదో హైస్కూల్లో సోషలు మాస్టరుగా చేరాల్సిందే. అది తక్కువ బతుకని అప్పుడు నా అభిప్రాయం. ఆ తర్వాత నేను చూసిన సోషలు మాస్టర్లలో నాకంటే మంచి నిద్ర పోయినవాళ్ళే ఎక్కువ.

నేను మా అప్ప ఊరినే ఎంచుకున్నాను. తిండికి లోటుండదన్నదే మొదటి కారణం. నౌపడలో ప్యాసింజరు దిగితే రైలు కట్ట పక్కనే తాటాకులు కప్పిన ఉప్పు కుప్పలు, వాటి వెనక అద్దాలు పరిచినట్టు ఉప్పుమడులు. ఆ గాలిలో కాసేపు నడిచి పెదాలు తడుపుకుంటే చాలు, కూరలో ఉప్పు మరిచిపోయినా ఫరవాలేదనిపించేది. బావ రైతు. వేసంగిలో మాత్రం ఉప్పుమడుల్లో కూలీల మీద మేస్త్రీగా ఉండేవాడు. ఆ మడులు లీజుకు తీసుకున్న పెద్దమనిషి కాపురం విజయనగరంలో. ఏడాదికోసారి వచ్చి కుప్పలు చూసుకుని పోయేవాడు. నా సర్వే బల్లను, దాని మూడు కాళ్ళనూ బావే నెత్తి మీద పెట్టుకుని గట్ల వెంట నడిచేవాడు. "ఒరే బావా, సదువు బుర్రలో ఉంతాదంటారు. నీదేటిరా, నా బుర్ర మీదున్నాది" అనేవాడు. బావమరిదినైన నన్నూ ఆయన బావా అనే పిలిచేవాడు. ఆయన నవ్వితే ముందు భుజాలు నవ్వేవి, తర్వాత మొహం. ఒక ముసలమ్మ నన్నాపి వాన ఎప్పుడొస్తాదో చెప్పమంది. అది వేరే వాళ్ళు చదివే చదువన్నాను. "వాన సెప్పలేనోడివి, ఎండలో ఎందుకురా ఈ తిరుగుడు" అని, జాలిపడి, తాటిపండు పెట్టింది.

ఊరికి తూర్పున ఉప్పుటేరు. దాని ఒడ్డు పొడుగునా పాత పటంలో బురద గుర్తులున్నాయి. అటు అడుగు వేసినప్పుడల్లా బావ "అటేటి నేదు, మోకాల్లోతు బురద" అని మళ్ళించేవాడు. ఒక పొద్దున ఆయన పశువుల దగ్గరుండగా నేనొక్కణ్ణే వెళ్ళాను. మొగలి పొదలు తప్పించుకుని ఇసక దిబ్బ ఎక్కి చూస్తే, అవతల బురద లేదు. వరి. మడి తర్వాత మడి, ఏటి గట్టు దాకా ఒకటే పచ్చదనం. చుట్టూ ఉప్పు తప్ప మరొకటి పుట్టని చోట అంత పచ్చ చూసి చేతిలోని పటం విప్పి మళ్ళీ చూసుకున్నాను. వెనకనే బావ రొప్పుతూ వచ్చి నా పక్కన కూలబడ్డాడు.

"సూసీసినావా" అన్నాడు. రొప్పు తగ్గాక చెప్పాడు. "మా తాతల్నాడు గట్టేసినారు. పోటునీరు రాకుండా ఆపి, వాననీరు నిలబెట్టి ఇప్పీడం, మల్లీ నిలబెట్టి ఇప్పీడం. అలాగ ఉప్పు కడిగీ కడిగీ మా అయ్యల నాటికి గడ్డి మొలిసినాది. మా నాటికి వరి. అదిగో, ఆ మూలది మనదే. ఊడ్పులు మీ అప్పే ఊడ్సినాది."

"పట్టాలున్నాయేటి బావా?"

"బురదకి పట్టా ఎవుడిస్తాడు? ఊరికి తెల్సు. సాలదేటి?"

ఉప్పుమడుల్లో పని చేసేవాళ్ళంతా ఆ ఊరివాళ్ళే. తెలిస్తే తన లీజులో కలిపేసుకుంటాడని ఆ నేల సంగతి లీజుదారు చెవిన ఒక్కరూ వెయ్యలేదు. మేస్త్రీ అయిన బావ అసలు వెయ్యలేదు. ఆయన నా చేతిలోని పటం వైపు గడ్డంతో చూపించి అడిగాడు. "నీ పాత పటంలో బురదే గదా ఉన్నాది. బురదగానే ఉంచీ."

"అలాగే బావా" అన్నాను. ఒట్టు వెయ్యబోతే చెయ్యి దించేశాడు. "ఒట్టెందుకు. సెప్పినావు, సాలు."

తిరిగి వచ్చాక పటాల గదిలో బల్ల ముందు కూర్చుని ఆ ముక్కను చాలా రోజులు ఖాళీగా వదిలేశాను. పక్క బల్ల మీద రెండోవాడి పటం పూర్తవుతోంది. వాడి అక్షరాలు చూసినకొద్దీ నా మాట పలచబడింది. పైగా సూత్రం నా వైపే ఉంది కదా, ఉన్నది ఉన్నట్టు వెయ్యమన్నారు. అబద్ధం చెప్పమన్నది బావ. నిజం చెప్పమన్నది చదువు. నిజం వైపు నిలబడ్డానని నాకు నేను చెప్పుకుని ఆకుపచ్చ కలిపాను. ఆ రంగు ఎక్కడా పాకలేదు. నా జీవితంలో అంత శుభ్రంగా మరెప్పుడూ కుంచె పట్టలేదు. ప్రొఫెసరు వంగి ఆ ముక్క మీద చాలాసేపు చూపు నిలిపి, "ఇదీ పరిశోధన" అన్నారు. స్కాలర్‌షిప్పు నాకే వచ్చింది. ఇందులో ఆయన తప్పు ఏమీ లేదు. నేను ఇచ్చిన మాట సంగతి ఆయనకు తెలియదు.

ఆ వేసవిలో విజయనగరంలో ఒక కాలేజీ హాల్లో మా పటాలు ప్రదర్శనకు పెట్టారు. ఊరి పెద్దల్ని పిలిచారు. వాళ్ళలో ఉప్పు లీజుదారు ఒకడు. నేను చేతిలో బెత్తంతో నా పటం పక్కన నిలబడ్డాను. ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని, "ఇది మన నౌపడ వైపు కదూ. ఈ ఆకుపచ్చేమిటి బాబూ, అక్కడంతా బురదేగా" అన్నాడు. నేను ఆయనకు గట్టు గురించి చెప్పాను, ఉప్పు కడిగిన పద్ధతి చెప్పాను. నా గొంతు నాకే బాగా వినిపించింది. "పట్టాలున్నాయా?" అని అడిగాడు. ఆ ఒక్క చోట తెలియదంటే సరిపోయేది. తెలియదన్న మాట ఆ రోజుల్లో నా నోట వచ్చేది కాదు. "లేవండి. రికార్డులో ఇంకా బురదే" అన్నాను. "మా మనుషులొక్కరూ చెప్పలేదు చూశావా" అని నవ్వి, భుజం తట్టి, నాకు కాఫీ తెప్పించాడు. కాఫీ చాలా బాగుంది. అది కూడా రాసెయ్యడం మంచిది.

మరుసటి ఏడాది ఆ నేల ఆయన లీజులో కలిసింది. గట్టు ముందే ఉంది, నేల చదునుగా ఉంది, ఉప్పుమడులకు ఇంకేం కావాలి? వరి వెన్ను తీసిన రోజుల్లో అమావాస్య పోటు చూసుకుని, పరాయి ఊరి కూలీలతో ఏటి గట్టు కొట్టించారు. నేను చూడలేదు, అప్ప చెప్పింది. చేను పడిపోలేదట. నిలబడే తెల్లబడిందట. ఆడవాళ్ళు వెళ్ళి వెన్నులు నలిపి చూస్తే చేతికి పొట్టు వచ్చిందట.

ఆ వారమే బావ నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. డిపార్ట్‌మెంటు మెట్ల మీద కూర్చున్నాడు, లోపలికి రమ్మన్నా రాలేదు. నా పటం పై అంతస్తులో గోడకు వేలాడుతోంది. బావకు చదువు రాదు కానీ రంగులు తెలుసు. ఎక్కితే ఒక్క అంతస్తు. "బావా, రంగేసినావేటి?" అన్నాడు.

"నేదు బావా. బురదగానే ఉంచాను."

ఆయన నా మొహం వైపు చూడలేదు. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని లేచాడు. "అదే. నానూ అలాగే అనుకున్నాను" అన్నాడు. పైకి ఒకసారి చూసి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

ఊరికి వెళ్ళి పదిమంది ముందు నిలబడి, "మా బామ్మర్ది సెప్పనేదు. ఆడి పూసీ నాది" అన్నాడట. అలా అన్నాక ఊరికి మిగిలింది ఒక్కడే. లీజుదారుకీ ఊరికీ మధ్య తిరిగేవాడు మేస్త్రీ. "ఆడు కాదంతావు. మరైతే నువ్వే" అన్నారు. నా మాటకు పూచీ పడ్డవాడి మాటకు పూచీ పడేవాడు దొరకలేదు. బావ మేస్త్రీ పని మానేశాడు, అదెవరూ లెక్కలో వేసుకోలేదు. ఊరి మెరకలో ఆయనకు మిగిలిన చేనికి కోతకు ఎవరూ రాలేదు, పెళ్ళికీ చావుకీ ఆ గడపకు పిలుపు లేదు. చివరికి అప్పను తీసుకుని కొత్తవలస వచ్చి, వ్యాగన్లలో బస్తాలు దించే పనిలో చేరాడు. రైతుగా పుట్టినవాడు జీవితాంతం ఇతరుల ధాన్యం మోశాడు.

నేను పరిశోధన పూర్తి చేశాను. అందులో భాగంగా అదే ఊరిని మళ్ళీ సర్వే చేసి, మారిన నేలల పటం వెయ్యాల్సి వచ్చింది. ఈసారి ఆ ముక్కకు ఉప్పుమడుల బూడిద రంగు వేశాను, ఉన్నది ఉన్నట్టే. పక్కన మార్పుకు కారణం రాయాలి. "ఉప్పుకు గిరాకీ పెరగడం" అని రాశాను. పరీక్షకులు ఒప్పుకున్నారు, డాక్టరేటు ఇచ్చారు. ఆ తర్వాత లెక్చరర్నయ్యాను, పెళ్ళి చేసుకున్నాను, జుట్టు నెరిసింది. కొత్తవలస వెళ్ళినప్పుడల్లా బావ షెడ్డులో తోటివాళ్ళకు నన్ను చూపించి, "మా బామ్మర్ది. డాక్టరే గానీ సూదులెయ్యడు, రంగులేస్తాడు" అనేవాడు. వాళ్ళు నవ్వేవాళ్ళు, ఆయనా నవ్వేవాడు. భుజాలు మాత్రం కదిలేవి కావు. ఆయనకు తెలుసో లేదో నాకు తెలియదు. అడిగి తెలుసుకునే ధైర్యం ఏ ప్రయాణంలోనూ చెయ్యలేదు.

ఇక్కడి దాకా రాసి అప్పకు చదివి వినిపించాను. ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుతూ అంతా విన్నది. ఏరడం ఆపలేదు. చివర్న, "రాసినావు సరే. ఆ ఊల్లో ఎవుల్రా సదివేది? ఎల్లి సెప్పు" అంది. నాకు మంచినీళ్ళు కావాలా అని కూడా అడగలేదు.

వెళ్ళాను. పెద్దకర్మకు వచ్చిన పెద్దాయన తన అరుగు మీద వల బాగు చేసుకుంటున్నాడు. ఆ మొగలి పొదలు లేవు, దిబ్బ లేదు, దూరాన ఉప్పు కుప్పలు మాత్రం కనిపిస్తున్నాయి. పటం వేసింది నేనేనని, పట్టాలు లేవని చెప్పింది నేనేనని, బావ నోరు విప్పలేదని చెప్పాను. విన్నవాళ్ళు నలుగురైదుగురు చేరారు. పెద్దాయన వల అల్లే కండెను ఒళ్ళో పెట్టుకున్నాడు.

"అయితే ఆడు కాదన్నమాట."

"కాదు."

"ఇప్పుడొచ్చి మాకు సెప్తే ఏటి బాబూ. ఆడు బతికున్నప్పుడు ఆడి ముందర సెప్పాల. మేం ఆడి గడప తొక్కీవోలం" అన్నాడు, మళ్ళీ కండె తీసుకున్నాడు.

సముద్రం ఒక మైలు వెనక్కి జరగడానికి వేల ఏళ్ళు పడుతుందని ఏటా పిల్లలకు పాఠం చెప్పేవాణ్ణి. అంత కాలాన్ని ఎంత తేలిగ్గా చెప్పేవాణ్ణో తిరుగు బండిలో గుర్తొచ్చింది. ఈ నాలుగు మాటలు చెప్పడానికి ఆలస్యం చేసింది నేను, ఆ ఆలస్యంలో పోయిన కాలమంతా బావది.