కాళ్లు లేనోడి పాట

మొన్న శుక్రవారం పొద్దున రియాద్‌లోని మలాజ్‌లో మనవాళ్ల హోటల్లో ఇడ్లీ తింటూ ఉంటే, పక్క బల్ల దగ్గర కూర్చున్న మన సీమ డ్రైవర్లు ఫోన్‌లో ఒక ఎన్నికల పాట పెట్టుకుని తాళం వేస్తున్నారు. ఆ వరస చెవిన పడగానే ఇడ్లీ పక్కకు నెట్టేశాను. అది మా బావ కట్టిన పాట. ఆయన పోయి ఇన్నేళ్లయినా ఆ పార్టీ దాన్ని వదల్లేదు.

నేను ఇంజనీరుగా రియాద్ వచ్చేనాటికే మా అక్క మొగుడు దగ్గర్లోని అల్ ఖర్జ్‌లో పాల ఫారం స్టోర్సులో పనిచేస్తుండేవాడు. సెలవు రోజున మలాజ్‌లోని మా గదికి వచ్చి, వంట కానిచ్చి, బోర్లించిన గిన్నె మీద వేళ్లతో దరువేస్తూ తాను కట్టిన తత్వాలు పాడేవాడు. ఉన్నదేమిటి, పోయేదేమిటి, ఈ ఒంట్లో కూర్చుని అడిగేదెవరు అన్నవే ఆయన పాటలన్నీ. వినేవాళ్లలో సగం మంది నిద్రపోయినా ఆయనకు పట్టేది కాదు. వాటిలో ఒకటి వాళ్లమ్మ కోసం కట్టింది.

*కాళ్లు లేనోడొస్తాడంట, గడప కడిగి పెట్టు*
*చేతుల్లేకనే ఎత్తుకుంటాడంట, మూట దించి పెట్టు*

ఆ కాళ్లు లేనివాడెవరని అడిగితే, దేవుడనుకుంటే దేవుడు, చావనుకుంటే చావు అని నవ్వేవాడు. మా వైపు పెద్దవాళ్లెవరైనా పోతే శవాన్ని లేపేముందు భజన బృందం చుట్టూ కూర్చుని తత్వాలు పాడటం ఆనవాయితీ. తనను సాగనంపేటప్పుడు ఈ పాటే పాడించాలని వాళ్లమ్మ కొడుకు దగ్గర మాట తీసుకుంది.

అంతటి వేదాంతికి రాజకీయాల పిచ్చి ఎక్కడిదని మీరడగవచ్చు. ఎండిన చెరువు పక్కన పుట్టినవాడికి అదెక్కడి నుంచో రానక్కర్లేదు. చెరువుకు కాలువ తెస్తానన్న నాయకుడి పార్టీలో చేరాడు, సెలవు పెట్టి వెళ్లి జీపెక్కి ఊరూరా తిరిగాడు, ఇక్కడున్నన్నాళ్లూ కనిపించిన ప్రతివాడి చేత ఇంటికి ఫోన్ చేయించి ఓటు సంగతి చెప్పించాడు. ఆ వరస జనం నోట్లో తేలిగ్గా పడుతుందని పార్టీవాళ్లు అడిగితే, కాదనకుండా తానే కూర్చుని మాటలు మార్చి ఇచ్చాడు.

*మన అన్నొస్తాడంట, గడప కడిగి పెట్టు*
*చేతులెత్తి మొక్కుతాడంట, ఓటు తీసి పెట్టు*

నాకు ఒళ్లు మండి, అమ్మ పాటను అమ్ముకున్నావా బావా అని కూడా అనేశాను. ఆయన కోప్పడలేదు. "పాటదేముందబ్బీ, చెరువుకు నీళ్లొస్తే సాలు గదా" అన్నాడు. ఆటోల మీదా మైకుల్లోనూ ఆ పాట మోగని పల్లె లేదు. అన్న గెలిచాడు. కాలువ పక్క ఊరిదాకా వచ్చి ఆగిపోయింది.

మరుసటి ఏడాదే బావ వాళ్లమ్మ, మా అత్త, పోయింది. ఆ రోజుల సంగతి నాతోపాటు వచ్చినవాళ్లకు గుర్తుండే ఉంటుంది, పనిలో పెట్టుకున్న అరబ్బు యజమాని, కఫీల్, ఒప్పుకుంటే తప్ప ఊరెళ్లి తిరిగొచ్చే రీఎంట్రీ వీసా లేదు, ఆ కఫీల్ ఏమో అప్పుడు దేశంలోనే లేడు. బావ నా గదిలో మంచం మీద ఫోన్ పట్టుకుని కూర్చున్నాడు. అక్కడ అక్క తన ఫోన్‌ను అత్త తల దగ్గర పెట్టి, ఆ గడప కడిగి పెట్టు పాట అందుకోమని భజన వాళ్లకు చెప్పింది. తాళాలు మోగాయి. బావ వేళ్లు మంచం కోడు మీద దరువందుకున్నాయి.

మన అన్నొస్తాడంట, అని పాడారు వాళ్లు.

తప్పు వాళ్లది కాదు. ఆ వరసకు వాళ్లెరిగిన మాటలు అవే. తల్లి శవం ముందు ఓటు మాట దాకా వచ్చేసరికి నేను తట్టుకోలేక ఆపించనా అని అడిగాను. బావ తల అడ్డంగా ఊపాడు. "పాడనీలే అబ్బీ. రాసిచ్చింది నేనే గదా" అని, చివరిదాకా విన్నాడు. ఆ తర్వాత ఆయన పార్టీ మాటా ఎత్తలేదు, మరో పాటా కట్టలేదు. గిన్నె బోర్లించి ముందు పెట్టినా ఊరికే చూసేవాడు. మూడు నాలుగేళ్లకు ఊళ్లో ఆయన పోయినప్పుడు అక్క ఎవరినీ ఏమీ పాడనివ్వలేదు.

హోటల్ బయటికొచ్చి అక్కకు ఫోన్ చేసి ఈ సంగతి చెప్పాను. "మీ బావది ఒకసారి పాడు తమ్ముడా, ఇని శానా కాలమయ్యె" అంది. అసలు పాట ఇప్పుడు మా ఇద్దరికే తెలుసు. రోడ్డు పక్కన నిలబడి గొంతు సవరించుకుని ఎత్తుకున్నాను. నా నోట కూడా ఆ మన అన్నే వచ్చాడు.

అవతల అక్క ఏడుపు వినిపించింది. ఇప్పుడు రీఎంట్రీ ఫోన్‌లోనే వచ్చేస్తోంది, ఎవరి కోసమూ ఆగనక్కర్లేదు, మనవాళ్లను సాగనంపడానికి ఏ పూటకాపూట విమానమెక్కి వెళ్లిపోవచ్చు. వెళ్లి ఏం పాడాలో ఇక అక్కే నాకు చెప్పాలి.