నాలుగో హంస కన్ను

గద్వాలలో నాగేశ్ దుకాణం ముందు రెండు బోర్డులు ఉంటాయి. పైది చిన్నది: "జకార్డు అట్టలు కొట్టబడును." కిందిది పెద్దది, ఎర్ర పెయింటుతో అతనే రాసుకున్నది: "ఇక్కడ దొంగ సాఫ్ట్‌వేర్ ఎక్కించబడదు. కొన్నది కూడా ఎక్కించబడదు." దొంగదీ వద్దు, కొన్నదీ వద్దంటే ఇక మిగిలిందేమిటని ఎవరైనా పొరపాటున అడిగారో, వాళ్ల పూట గడిచిపోయినట్టే. కూర్చోబెట్టి, చాయ్ తెప్పించి మరీ చెప్తాడు.

"కొన్నదాన్ని ఇప్పి చూడనియ్యరు. చెడిపోతే బాగు చేసుకోనియ్యరు. పక్కింటోనికి ఇయ్యనియ్యరు. గట్లయితే అది కొన్నట్లెట్లయితది? కిరాయికి తెచ్చుకున్నట్ల."

నలభై ఎనిమిదేళ్ల మనిషి. వనపర్తిలో పాలిటెక్నిక్ చదివి, హైదరాబాద్‌లో ఓ చిన్న కంపెనీలో ఆర్నెల్లు పనిచేశాడు. తాను రాసిన ప్రోగ్రాము కింద తన పేరు తీసేసి మేనేజరు సొంత పేరు పెట్టుకున్నాడని గొడవపడి, ఆ నెల జీతం కూడా అడక్కుండా బస్సెక్కి వచ్చేశాడు. తండ్రి సుత్తీ ఉలీ పెట్టుకుని మగ్గాలకు అట్టలు కొట్టేవాడు. అంచులో ఏ పువ్వు ఎక్కడ రావాలో ఆ అట్టల మీది చిల్లులే మగ్గానికి చెప్తాయి. చిల్లు ఉన్నచోట పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. తండ్రి పోయాక నాగేశ్ ఆ పనిని కంప్యూటరులోకి ఎక్కించాడు. తెరమీద బొమ్మ గీస్తే చాలు, ఏ అట్టకు ఎక్కడ చిల్లు కొట్టాలో లెక్కగట్టి ఇచ్చే ప్రోగ్రాము ఒకటి, మొత్తం తెలుగులో, రెండేళ్లు కూర్చుని రాశాడు. దానికి "పోగు" అని పేరు పెట్టి ఇంటర్నెట్‌లో అందరికీ ఉచితంగా వదిలేశాడు. వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు. షరతు ఒక్కటే, నాది మాత్రమే అని ఎవరూ అనకూడదు. దాని కింద తన ఫోన్ నంబరు ఇచ్చి "తప్పు కనిపిస్తే చెప్పండి" అని రాశాడు.

ఎనిమిదేళ్లలో ఒక్క ఫోనూ రాలేదు. ఆ సంగతి నాగేశ్ వచ్చినవాళ్లందరికీ చెప్పుకునేవాడు. "ఎంత పెద్ద కంపెనీదైనా వారానికోసారి రిపేరు అడుగుతది. నాదాంట్ల ఎనిమిదేండ్ల నుంచి ఒక్క తప్పు లేదు." ఈ మాట దగ్గర అతని మెడ కొంచెం నిక్కేదన్నది నిజం.

అతనికి అభిప్రాయం లేని విషయం లేదు. పేటెంట్ల మీద ఉంది, ఫోన్లలో తీయడానికి వీల్లేకుండా వచ్చే యాప్‌ల మీద ఉంది, సర్కారు ఫారాలు ఇంగ్లీషులో ఉండటం మీద మరీ ఉంది. కొత్త చట్టం ముసాయిదా ఏదైనా వస్తే ఢిల్లీకి తెలుగులో ఉత్తరం రాస్తాడు. జవాబు రాకపోతే, రాలేదని మరో ఉత్తరం రాస్తాడు. భార్య స్వరూపది కొల్లాపూర్. ఆమె నవ్వుతూ, "నేను చేసిన పప్పు మీద ఒక్కటి నీకు అభిప్రాయం ఉండది. ఏం పెట్టినా తింటవు," అంటుంది.

అన్నిటికన్నా పెద్ద పోరు జములమ్మ బొటనవేలు గురించి చేశాడు. డెబ్భై ఏళ్ల జములమ్మ గద్వాలలో పేరున్న నేతగత్తె. ఇక్కడి చీరలో ఒళ్లు నూలు, కొంగు పట్టు. ఆ రెంటినీ కలపాలంటే ఒక్కొక్క పోగునూ బూడిద అద్దుకుని వేళ్ల మధ్య మెలిపెట్టి అతకాలి. యాభై ఏళ్లు అట్లా మెలిపెట్టిన వేలి మీద గీతలెక్కడ మిగులుతాయి? రేషన్ దుకాణంలో మిషను ఆమెను ప్రతి నెలా గుర్తుపట్టనంటుంది. నాగేశ్ ఆమె వెంట కలెక్టరేటు దాకా నాలుగుసార్లు తిరిగి, "మనిషి ఎదురుంగ నిలబడ్డది, మిషను లేదంటున్నది. ఎవరి మాట నమ్ముతరు సార్?" అని గట్టిగా అడిగి, చివరికి వేలిముద్ర లేకుండానే బియ్యం ఇచ్చేట్టు రాయించుకొచ్చాడు.

ఇట్లాంటి మనిషికి మొన్నటి ఎండాకాలంలో నోటీసు వచ్చింది. పంపింది హైదరాబాద్‌లోని ఓ పెద్ద బట్టల కంపెనీ. హంసల అంచు డిజైన్‌ను 2023లో తమ పేర రిజిస్టర్ చేయించుకున్నామనీ, ఆ డిజైన్ ఫైలును నాగేశ్ అక్రమంగా పంచిపెడుతున్నాడనీ, గద్వాలలో పదిహేను మగ్గాల మీద అదే అంచు నేస్తున్నారనీ రాశారు. వెంటనే ఆపాలి. లేదంటే కోర్టు.

ఆ అంచు జములమ్మ అత్త కట్టిన పాత చీరలోది. చీర చివికిపోతుంటే 2016లో నాగేశ్ దాన్ని తన ఒళ్లో పరుచుకుని, ఒక్కొక్క పోగు లెక్కపెట్టి కంప్యూటరులో గీశాడు. చేనేత సంఘం చెప్తే పదిహేను మగ్గాలకూ అట్టలు కొట్టిచ్చి, ఆ అట్టల లెక్క ఫైలును పోగు ప్రోగ్రాము ఉన్న సైటులోనే పెట్టాడు. నోటీసు చదివేసరికి అతనికి ఒళ్లు మండిపోయింది. సైటు నడిపేవాళ్లు అతన్ని ఒక్క మాటైనా అడక్కుండా అప్పటికే ఫైలు తీసేశారని తెలిసి ఇంకా మండింది.

సంఘం అధ్యక్షుడు రామచంద్రయ్య మాత్రం బెదిరిపోయాడు. కంపెనీ వకీలు అతనికి ఒక దారి కూడా చూపించాడు. డిజైన్ కంపెనీదేనని అందరూ సంతకం పెడితే కోర్టు ఊసుండదు, కంపెనీ అనుమతితో కంపెనీకే నేసి ఇవ్వొచ్చు. శనివారం సంఘం ఆఫీసులో సంతకాలు.

"మనం ఏండ్ల నుంచి నేస్తున్నదానికి వాళ్ల అనుమతేంది అన్నా?" అన్నాడు నాగేశ్.

"నువ్వు వంద చెప్తవ్ నాగేశా. రేపు కోర్టుకు తిరగాల్సింది మేము. అది వాళ్లు కొత్తగ గీసిన డిజైనంటుండ్రు. జర బొమ్మ చూడు."

చూశాడు. అచ్చం తన హంసలే. తోక మూడు మెట్లు, మెడ వంపు, ముక్కు కింద చుక్క, అన్నీ తనవే. ఒక్కటే తేడా, ప్రతి నాలుగో హంసకు కన్ను లేదు. రిజిస్ట్రేషన్ కాగితంలో దాన్నే కొత్తదనంగా చూపించారు: "ప్రతి నాలుగవ హంస నేత్రములు మూసుకొని ధ్యానముద్రలో ఉండుట." నాగేశ్ తన తెరమీది బొమ్మ తీసి చూశాడు. నాలుగింటికీ కళ్లున్నాయి. బజారులో చీరలు చూశాడు. వాటికీ ఉన్నాయి. దొంగిలించినవాడు తెలివిగా ఒక కన్ను తీసేసి తనదన్నాడని అనుకున్నాడు. కానీ ఆ మాటతో కోర్టులో తన వాదన నిలవదని కూడా అతనికి తెలుసు, ఎందుకంటే ఆ తేడానే వాళ్లకు ఆధారం.

గురువారం మధ్యాహ్నం జములమ్మ ఇంటికి వెళ్లాడు, శనివారం సంతకం పెట్టొద్దని చెప్పడానికి. ఆమె మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని నేస్తోంది. ఫోన్‌లో కంపెనీ బొమ్మ చూపించాడు. ఆమె కళ్లద్దాలు సర్దుకుని చూసి, "ఇది నీ హంసే కద బిడ్డా," అంది.

"నా హంసకు కన్నుంది పెద్దమ్మా. దీనికి లేదు."

జములమ్మ పోగును అటూ ఇటూ నడిపే నాడెను పక్కన పెట్టింది.

"కోపానికి రావు కద?"

"నాకెందుకు కోపం?"

ఆమె లేచి, మగ్గం మీద వేలాడుతున్న అట్టల దండను కిందికి లాగింది. ఎనిమిదేళ్లకు నల్లబడి, అంచులు మెత్తబడ్డ అట్టలు. చూడకుండానే వాటి మీద బొటనవేలు పాముతూ పోయి ఒకచోట ఆగింది. రేషన్ మిషను గుర్తుపట్టని వేలు అది. "ఈడ చిల్లు పడాలె. పడలే. మొదటి దినం నుంచి లేదు."

నాగేశ్ ఆ అట్టను పట్టుకుని వెలుతురుకు ఎత్తి చూశాడు. లేదు.

"మరి చీరెల కన్నెట్ల వస్తున్నది?"

"మేము పెడుతున్నం. నాలుగో హంస కాడికి రాంగనే ఆ పోగును పుల్లతోని లేపి, చేత్తోని పెడుతున్నం."

"అందరా?"

"పదిహేను మగ్గాలోళ్లం. అలవాటైపోయింది."

"ఒక్కరన్నా నాకు చెప్పొద్దా పెద్దమ్మా? ఎనిమిదేండ్లు."

ఆ ప్రశ్న ఆమెకు వింతగా తోచినట్టుంది. "ఎట్ల చెప్తం? పైస తీసుకోకుంట చేసిస్తివి. ఉత్తగ ఇచ్చినోనికి వంక పెడతమా? మంచిగుండదు కద బిడ్డా."

నాగేశ్‌కు తల కొట్టేసినట్టయింది. దుకాణానికి వచ్చి, షట్టరు సగం దించుకుని, తన ప్రోగ్రాము తెరిచాడు. గంట వెతికితే దొరికింది. నాలుగో బొమ్మ ముగిసి అట్టల వరుస మారేచోట లెక్కలో ఒకటి తక్కువ పడుతోంది. ఒక్క అంకె. తెరమీద గీసిన బొమ్మలో కన్ను ఉంటుంది, అట్టల లెక్కలోకి మాత్రం దిగదు. తాను ఎనిమిదేళ్లుగా బొమ్మే చూసి మురిసిపోయాడు గానీ, ఒక్కరోజు మగ్గం పక్కన కూర్చుని చూడలేదు. అంతకన్నా సిగ్గు అతనికి జీవితంలో ఎప్పుడూ కలగలేదు.

ఇంటికి వెళ్లి స్వరూపకు చెప్పాడు. ఆమె కూరగాయలు తరుగుతూ అంతా విన్నది.

"కంపెనీ వాళ్లు చీరెను చూసి గీయలే, నా ఫైలు తీసుకున్నరని దీంతోని తేలిపోతది," అన్నాడు. "కాని మంది ముంగట నాది తప్పుల తడక అని నేనే చెప్పుకోవాలె. వనపర్తి, నాగర్‌కర్నూల్ నేతపిల్లలకు గూడ ఈ ప్రోగ్రామే నేర్పిన. రేపటి నుంచి ఎవ్వరు నమ్ముతరు?"

"తప్పు కనిపిస్తే చెప్పుమని రాసింది నువ్వే కద," అంది స్వరూప. "కనిపించింది. చెప్పు."

శనివారం సంఘం ఆఫీసులో నేతగాళ్లంతా చాపల మీద కూర్చున్నారు. వకీలు చంద్రశేఖర్ మర్యాదస్తుడే, అందరికీ నమస్కారం పెట్టి కాగితాలు బల్ల మీద పరిచాడు. రామచంద్రయ్య పెన్ను మూత తీసి సిద్ధంగా ఉన్నాడు. నాగేశ్ లేచి నిలబడ్డాడు.

"సార్, మీ డిజైన్ల కొత్తదనం ఏందో జర అందరికి ఇనబడేట్లు చదవండ్రి."

వకీలు చదివాడు. ధ్యానముద్ర అనే మాట దగ్గర వెనకనుంచి ఎవరో దగ్గారు.

"ఆ కన్ను మూసింది ఎవరు?"

"మా డిజైనర్. ఆయన సొంత ఆలోచన."

"ఆలోచన కాదు సార్, అది నా తప్పు," అన్నాడు నాగేశ్. "నా ప్రోగ్రాము లెక్క తప్పుతది. నాలుగో బొమ్మ కాడ ఒక చిల్లు ఎగ్గొడ్తది. ఎనిమిదేండ్ల నుంచి తప్పుతున్నది, నాకు తెల్వదు. వీళ్లందరికి తెలుసు. నన్ను బాధ పెట్టొద్దని చెప్పలే, చేత్తోని కన్ను పెట్టుకుంట నేసిండ్రు."

జములమ్మ తన అట్టల దండను తెచ్చి బల్ల మీద పెట్టింది. మొదటి అట్ట మీద సంఘం ముద్ర, 2016 జులై తేదీ, నాగేశ్ చేతి రాత. ఆమె వకీలు వేలు పట్టుకుని, చిల్లు పడని చోట పెట్టింది.

"ఇది యాదృచ్ఛికం కావచ్చు," అన్నాడు వకీలు.

నాగేశ్ లాప్‌టాప్ తెరిచి, అందరి ముందూ నాలుగు నెమళ్లు గీసి, అట్టల లెక్క తీయించాడు. నాలుగో నెమలికి కన్ను రాలేదు. "చూడండ్రి, ఇది గూడ ధ్యానం చేస్తున్నది. మీ డిజైనర్ నా ఫైలును మిషను మగ్గానికి ఎక్కిచ్చిండు. కన్ను పెట్టే చెయ్యి అక్కడ లేకపాయె."

వకీలు మెల్లగా అడిగాడు. "అంటే మీ సాఫ్ట్‌వేర్ లోపభూయిష్టమని ఒప్పుకుంటున్నారు."

"ఒప్పుకుంటున్న. రాసిస్త, సంతకం పెడ్త. మీ డిజైన్ల కొత్తదనమంటే నా లోపం ఒక్కటే అని గూడ దాని కిందనే రాసుకోండ్రి. మీ రిజిస్ట్రేషన్‌కు ఏడేండ్ల ముందే ఊరంత చూసినదాన్ని కొత్తదని రిజిస్టర్ చేసుకుంటే చెల్లదు. కోర్టుకు మీరు రాకుంటే నేనే వస్త."

రామచంద్రయ్య పెన్నుకు మూత పెట్టి జేబులో పెట్టుకున్నాడు. మిగతావాళ్లు ఆయన వైపు చూసి, ఒకరి తర్వాత ఒకరు లేచారు. వకీలు కాగితాలు సర్దుకుని, కంపెనీతో మాట్లాడి చెప్తానన్నాడు.

మూడు నెలలకు నోటీసు వెనక్కి తీసుకుంటున్నామని రెండు లైన్ల ఉత్తరం వచ్చింది. క్షమాపణ లేదు. రిజిస్ట్రేషన్ రద్దు చేయమని నాగేశ్ పెట్టిన అర్జీ ఇంకా కదలలేదు. అతను నెలకో ఉత్తరం రాస్తూనే ఉన్నాడు. ఫైలు మాత్రం మళ్లీ సైటులోకి ఎక్కింది. ప్రోగ్రాములో లెక్క సరిచేశాడు గానీ, ఆ కన్ను తమ చేత్తో పెట్టేదేనంటూ హంసల ఫైలును నేతగాళ్లు ముట్టుకోనివ్వలేదు. దాని కింద అతనిట్లా రాశాడు: "ఈ అంచు నేసే అందరిదీ. ఎవరైనా నేసుకోవచ్చు, ఆ కంపెనీ కూడా. నాలుగో హంసకు కన్ను లేదు, అది నా తప్పు. చేత్తో పెట్టుకోవాలి."

దుకాణం ముందు ఇప్పుడు మూడో బోర్డు కూడా ఉంది. పెయింటు ఇంకా ఆరనేలేదు, జములమ్మ వచ్చి నిలబడి, స్వరూపతో చదివించుకుంది: "తప్పు చెప్పనివారికి అట్టలు కొట్టబడవు."

"నిజంగనేనా?" అని అడిగింది.

"నిజంగనే పెద్దమ్మా."

ఆమె చంకలోంచి మామిడిపిందెల అంచు అట్టల దండ తీసి బల్ల మీద పరిచింది. ఆమె వెనక మరో నలుగురు తమ తమ దండలు పట్టుకుని ఉన్నారు. నాగేశ్ కళ్లు తుడుచుకుని, నోటుబుక్కు తెరిచాడు.

"రాసుకో," అంటూ జములమ్మ బొటనవేలితో మొదటి అట్టను తడిమింది.