తొమ్మిదో తూము బాగాలేదు

ఆ నెల రిజిస్టరులో తొమ్మిదో తూముకు ఎదురుగా 'షట్టరు తుప్పు పట్టింది, మూసినా నీళ్లు ఆగడం లేదు' అని రాసింది నేనేనని ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

వైరా దగ్గర కాలువల ఆఫీసులో అప్పుడు నేను తాత్కాలిక టైపిస్టును. మనుషులతో మాట్లాడాలంటే బెరుకు. టైపు మిషను ఎదురు ప్రశ్న వేయదు కనుక దానితో నాకు బాగానే కుదిరింది. తూముల రిజిస్టరు కూడా నాకే అప్పగించారు. అది నేర్పడానికి హెడ్ క్లర్కుగారికి ఒక్క నిమిషం పట్టింది. మొదటి తూముకు 'బాగున్నది' అని రాయాలి, కింద ఇరవై రెండింటికీ అదే అన్నట్టు రెండేసి గీతలు పెట్టాలి. మా తూములంత ఆరోగ్యంగా చుట్టుపక్కల మనుషులు కూడా లేరు.

"మరమ్మతు అని రాస్తే ఎందుకు చేయలేదని పైనుంచి అడుగుతరమ్మా. బాగున్నదంటే ఎవరూ అడగరు," అన్నారాయన.

ఏటా నిధులు ఎక్కడ పెట్టాలో ఈ రిజిస్టరు చూసే తేల్చేవారు. తూములన్నీ బాగున్నాయి కనుక ఆ నిధులు గెస్టుహౌసు ప్రహరీకి పోయేవి.

తొమ్మిదో తూమును తెరిచి మూసే లష్కరు నెలనెలా వచ్చి నా బల్ల పక్కన నిలబడేవాడు. గోనెసంచులు కుక్కి ఆపుతున్నానని, చివరి పొలాలకు నీళ్లు అందడం లేదని, తన రెండెకరాలూ అక్కడే ఎండుతున్నాయని చెప్పేవాడు. ఇంటికెళ్లి అవన్నీ డైరీలో రాసుకునేదాన్ని. ఒక నెల ధైర్యం చేసి అందులోంచి ఒక్క వాక్యం రిజిస్టరులోకి ఎక్కించాను. హెడ్ క్లర్కుగారు చూడకుండానే సంతకం పెట్టారు. చూసే అలవాటు ఆయనకు లేదు.

పైఆఫీసులో మాత్రం చూశారు. ఇరవై మూడు తూముల్లో ఒక్కటే పాడైందంటే తప్పు ఇనుముది కాదు, లష్కరుదని తేల్చారు. షట్టరుకు ఆకుపచ్చ రంగు వేయించారు. నీళ్లు ఆ రంగు మీదుగా కారాయి. నిర్లక్ష్యం చేసినందుకు ఉద్యోగం ఎందుకు తీసేయకూడదో చెప్పమని లష్కరుకు మెమో పంపమన్నారు. ఆ మెమో టైపు చేసింది కూడా నేనే. ఒక్క ఒత్తు తప్పలేదు.

దాన్ని లష్కరుకు చదివి వినిపించాను. ఆయన వేలిముద్ర వేసి, సిరా తలగుడ్డకు తుడుచుకున్నాడు.

"నేను చెప్పిన మాటలే గదా రాసినవ్," అన్నాడు మెల్లగా.

రిజిస్టరు మూసి పక్కకు జరిపాను.

"ఒక్కదానికే రాస్తే గిట్లనే నన్ను పట్టుకుంటరు బిడ్డా. పొద్దుగాల నుంచి కాలువ గట్టెంబడి అన్ని తూములు చూసుకుంటనే వచ్చిన. కాగితం తియ్యి, ఒకటో తూము కాడ నుంచి అన్నిటి సంగతి చెప్త."