నర్సమ్మ దగ్గు

రోగులకు క్షయ పరీక్షలు చేయించే ఆరోగ్య సిబ్బంది, తమకు దగ్గు వస్తే ఏం చేస్తారో తెలుసుకోవడానికే మా అధ్యయనం. ఆ పని మీదే డుంబ్రిగుడ దాటాక కొండల్లో ఉన్న ఒక ఆరోగ్య కేంద్రానికి వెళ్లాను.

సిబ్బందిని కూర్చోబెట్టి అడిగితే అందరూ నవ్వేశారు. "రోజూ సూసే రోగమే కదమ్మా, మాకేటవుద్ది?" అన్నారు. ఏళ్ల తరబడి ఆ కొండల్లో కాన్పులు చేస్తున్న పెద్ద నర్సు ఒక్కతే నవ్వలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గుతోంది.

అందరూ వెళ్లాక ఆమె దగ్గరికెళ్లి, "పరీక్ష చేయించుకున్నారా అమ్మా?" అన్నాను.

"ఊరందరికీ సెప్పేదాన్ని, నాకు తెల్దేటి? టీబీ అని బయటపడితే పురిటి బిడ్డని నా సేతికెవులిత్తారు?"

మందులు వాడితే తగ్గిపోతుందని ఆమెకు నేను చెప్పేదేముంది! "ఆ పురిటి బిడ్డకి అంటితేనో?" అని మాత్రం అన్నాను.

మర్నాడు పొద్దున్న ఆమే కఫం డబ్బా పట్టుకుని అందరి ముందూ ల్యాబులోకి వెళ్లింది. "ఇది నాదే. బేగి సూడు," అంది. క్షయే అని తేలింది. మధ్యాహ్నానికి నిన్న నవ్విన వాళ్లూ డబ్బాలు అడిగి తీసుకున్నారు.

ఆమె సెలవు పెట్టి మందులు వాడింది. ఇక ఎవరికీ సోకదని డాక్టరు చెప్పాకే పనిలో చేరింది. చేరాక మొదటిసారి పిల్లలకు టీకాలు వేయడానికి ఒక కొండ ఊరికి బయల్దేరితే, నేనూ మళ్లీ వచ్చి వెంట వెళ్లాను. టీకాల పెట్టె తెరవకముందే తల్లులతో అంది: "నాకు టీబీ వచ్చింది. మందులేసుకుంటన్నాను. ఇంక ఎవులికీ అంటదు. అయినా భయమేస్తే బిడ్డనియ్యకండి, నాకు కోపం నేదు."

ఇద్దరు తల్లులు పిల్లల్ని ఎత్తుకుని వెళ్లిపోయారు. ఆమె వాళ్లను ఆపలేదు. వెనక నుంచి ఒక ముసలమ్మ మనవరాలిని తెచ్చి ఆమె ఒడిలో కూర్చోబెట్టింది.

"గుంటకి సూది ఎయ్యి. మా ముసిలోడూ దగ్గుతన్నాడు. ఆ డబ్బా ఒకటి నాకియ్యి."

వెళ్లిపోయినవాళ్లలో ఒకామె తర్వాతి సంతలో నర్సమ్మను వెతుక్కుంటూ వచ్చి టీకా ఎప్పుడేస్తావని అడిగిందట. రెండో ఆమె ఇంకా రాలేదు. "ఆల్లింటికి నేనే ఎల్తాన్లే," అంది నర్సమ్మ నాతో. అన్నట్టే ఆ సాయంత్రం, ఆ తల్లి భయపడకుండా మాస్కు పెట్టుకుని, టీకాల పెట్టెతో కొండెక్కింది.