మాస్టారిని మరణాల్లో వేసిన రోజు

చరిత్రకీ నాకూ పడదు. పదో తరగతిలో అది నన్ను దాటనిచ్చిందే దయతలచి. అలాంటివాణ్ణి, రోజూ పొద్దున్నే పదిమందికి ‘చరిత్రలో ఈ రోజు’ పంచే పని ఎవరూ అడక్కుండానే నెత్తినేసుకున్నాను. తెలివితక్కువతనానికి వేరే గుర్తులక్కర్లేదు.

తాడేపల్లిగూడెం నుంచి ఏలూరు ఆఫీసుకు రైల్లో వెళ్తాను. మా పెట్టెలోవాళ్లకో వాట్సాప్ గ్రూపుంది. ఎవరో పంపిన జాబితా తెచ్చి అందులో పడేస్తాను: జననాలు, మరణాలు, సంఘటనలు. ఒక శాస్త్రవేత్త పుడతాడు, ఒక చక్రవర్తి పోతాడు, ఎక్కడో యుద్ధం ఆగుతుంది. మా పెట్టెలో ఎవరి పుట్టినరోజైనా వస్తే ఆ మహానుభావుల వరస చివర వాళ్లనీ కూర్చోబెడతాను. రైల్లో సీటు దొరకనివాళ్లకు చరిత్రలోనైనా దొరకాలి గదా!

కిందటేడు ఎండాకాలంలో మాస్టారి వంతొచ్చింది. ఆయన రిటైరైన సైన్సు మాస్టారు. భీమడోలులో ఎక్కుతారు, వట్లూరులో ఒక కాలేజీలో పాఠాలు చెబుతారు. గుండెకు స్టెంటు వేయించుకుని అప్పుడప్పుడే లేచి తిరుగుతున్నారు. ప్లాట్‌ఫారం మీద నిలబడి ఆయన్ని జననాల చివర అతికించబోతుంటే వెనకనుంచెవరో తోశారు. మాస్టారు ఒక వరస కిందికి జారి, మరణాల్లో మొదటివారయ్యారు. చూసుకోకుండా పంపేసి రైలెక్కాను.

రైలు కదిలాక, పక్కన కూర్చున్న మందులకొట్టాయన ఫోన్లోంచి తలెత్తాడు.

“ఏవండీ, మాస్టారు పోయారా?”

నా ఫోను చూసుకున్నాను. “లేదండీ, పుట్టారండీ!”

“ఏదో ఒకటి తేల్చండి. దండ తేవాలా, కేకు తేవాలా?”

మెసేజ్ తీసేసి మాస్టారికి ఫోను చేశాను. స్విచాఫ్. మళ్లీ చేశాను. స్విచాఫే. భీమడోలులో రైలాగితే, ఆయన రోజూ నిలబడేచోట ఎవరూ లేరు. ‘తథాస్తు దేవతలు తిరుగుతుంటారు, నోరు జాగ్రత్త’ అనేది మా అమ్మ. వేలి సంగతి ఆవిడ చెప్పలేదు.

ఆఫీసు మాట మరిచి దిగిపోయాను. వాళ్లింటిదాకా పరుగులాంటి నడక. గేటు దగ్గర ఎన్ని జతల చెప్పులున్నాయో చూసే ధైర్యం లేక తల పైకెత్తే లోపలికెళ్లాను.

వరండాలో మాస్టారు లుంగీ కట్టుకుని పేపరు చదువుకుంటున్నారు. నేను మెట్టు మీదే కూలబడ్డాను.

వాళ్లావిడ మంచినీళ్లు తెచ్చారు. తిడతారనుకున్నాను.

“మీకు దణ్ణం పెట్టాలి బాబూ! మొన్న డాబా మీద వడియాలకు కాపలా కూర్చుంటే ఈయన్ని కాకి నెత్తిమీద తన్నింది. కాకి తంతే, మనిషి పోయాడని అబద్ధపు కబురు పంపాలి, అయినవాళ్లొకరు ఏడవాలి. అప్పుడుగానీ గండం గడవదు. ఈయనేమో మూఢనమ్మకం, వద్దంటారు. నా నోటితో ఆ మాట నేనెలా అంటానండీ? ఇంతలో ఈయన ఫోనుకు మీరు పంపారు. దాన్నే కొల్లేరు లంకలో ఉన్న మా తమ్ముడికి పంపేశాను. చేపల చెరువు గట్టుమీదే భోరుమన్నాడు పాపం. ఏడవనిచ్చి, తరవాత నిజం చెప్పి, తిట్లు తిన్నాను.”

“మరి ఫోనెందుకు ఆపారండీ మాస్టారూ?”

“ఎత్తి బతికే ఉన్నానంటే ఈవిడ ఊరుకుంటుందా? కాలేజీకే కదలనివ్వలేదు. నాకిలాంటి నమ్మకాల్లేవండీ.”

“లేవుట! మావాడు గట్టిగా ఏడ్చాడా లేదా అని నన్ను రెండుసార్లడిగారు” అన్నారావిడ.

పేపరు పైకి లేచి మాస్టారి మొహానికి అడ్డమొచ్చింది. ఆ పూట అక్కడే ఉప్మా తిన్నాను. ఉప్మా కూడా ఇంత బాగుంటుందని నాకు తెలీదు.

మర్నాటినుంచి మాస్టారు పెట్టెలోకి ఎవరు కొత్తగా వచ్చినా, “వీరేనండీ, నన్ను చంపినవారు” అని పరిచయం చెయ్యడం మొదలెట్టారు. ఏడాది పొడుగునా పడ్డాను. చంపినవాడు ఆమాత్రం పడాలి గదా.

ఈ ఏడు ఆ తేదీ మళ్లీ వచ్చింది. మాస్టారిని జననాల్లో, గోడకానుకుని నిలబడి, భద్రంగా వేశాను. ఆ తరవాత సంఘటనల్లోకి దిగి, ఆగిపోయిన యుద్ధం కింద ఒక వాక్యం చేర్చాను: ‘కిందటేడు ఇదే రోజున, భీమడోలులో ఒక సైన్సు మాస్టారు కాకిని నమ్మారు.’

పంపేసి, ఫోను స్విచాఫ్ చేశాను.