పదేళ్ల పిల్ల గౌను

నా చెల్లెలు కువైట్ వెళ్లేనాటికి దాని కూతురికి పదేళ్లు. నా దగ్గర వదిలి వెళ్లింది. నాలుగేళ్లు గడిచినా అది పంపే కార్గో పెట్టెలో వచ్చే గౌను మాత్రం పదేళ్ల పిల్లదే. రాజోలులో కాలేజీ పిల్లలకు సైకాలజీ చెప్పే నేను, ప్రతిసారీ "సరిపోయిందే" అనేదాన్ని. ఎవరింట్లోనో పనిచేసి కొన్న గౌను పొట్టిదైందని ఏ నోటితో చెప్పను? పిల్ల కూడా వీడియో కాల్‌లో గౌను మెడ కింద పట్టుకుని, మొహం వరకే చూపించి నవ్వేది. ఇద్దరం దొంగలమే.

ఓ ఆదివారం చర్చి నుంచి వచ్చి, అన్నాలు తిని, చాప మీద పడుకుని యానిమేషన్ సినిమా చూస్తున్నాం. చెరువులో పోయిన తన నీడను వెతుక్కుంటూ ఓ పిల్ల నీళ్లలోకి దిగుతోంది. ఆ నీలిరంగు మా గోడ మీదా, మా మొహాల మీదా మెల్లగా పాకుతోంది. బయట కొబ్బరాకుల నుంచి వాననీళ్లు కారుతున్నాయి. నిద్రో మెలకువో తెలియని హాయి. నేను ఊరుకోవచ్చుగా! నోటి దురద. బిడ్డకు తొలి అద్దం తల్లి మొహమేననీ, ఆ చూపులో కనిపించిందే తాననుకుంటుందనీ, ఈడొచ్చాక ఆ అద్దం చాలక మళ్లీ వెతుక్కుంటుందనీ, మనోవిశ్లేషకుల మాటలన్నీ మొదలుపెట్టాను.

పిల్ల తెర మీంచి కళ్లు తిప్పలేదు.

"దొడ్డమ్మా, ఈ పిల్ల సినిమా అంతా ఒకటే గౌనులో ఉంది. ఎదిగినా ఎవరికీ తెలీదు. మమ్మీకి నేనూ అంతేగా."

నాకు ఏడుపొచ్చింది. పాఠం అక్కడితో సరి.

సాయంత్రం వాళ్లమ్మ వీడియో కాల్‌తో ఫోన్ మోగగానే పిల్ల దాన్ని బియ్యం డబ్బాకు ఆనించి, కొత్త గౌను భుజాలకు పెట్టుకుని, ఒక్కో అడుగూ వెనక్కి వేస్తూ గుమ్మం దాకా వెళ్లి నిలబడింది. గౌను అంచు తొడ సగానికే వచ్చింది.

"సరిపోలేదు మమ్మీ. ఏదీ సరిపోలేదు."

ఫోన్‌లో అవతల కుళాయి కట్టేసిన చప్పుడు వినిపించింది. చెల్లెలు ఓసారి చుట్టూ తిరగమంది. పిల్ల నెమ్మదిగా తిరిగింది. చెల్లెలు చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని, ఏడుస్తూనే కళ్లారా చూసుకుంది. ఆ తర్వాత నన్ను పిలిచింది.

"చదువుకున్నదానివి కదక్కా. నువ్వైనా చెప్పొద్దా?"



మళ్లీ వచ్చిన పెట్టెలో గౌను లేదు. కుట్టని పువ్వుల గుడ్డ ఉంది, నాలుగు మీటర్లు. టైలరు దగ్గరకు నన్ను రానివ్వకుండా పిల్లే వెళ్లి కొలతలిచ్చుకుంది. కుట్టించుకొచ్చి తొడుక్కుని, తలుపు వేసుకుని, ముందు ఫోన్‌లో వాళ్లమ్మకు చూపించింది. నేను వరండాలో కూర్చుని, కాస్త ఉడుక్కుంటూ, నా వంతు కోసం ఎదురుచూశాను.